హబ్ మీద కుంకుమ

కొత్త కారు కొనుక్కుని, చక్రాల మీద నల్లగా నిగనిగలాడే ప్లాస్టిక్ మూతలు చూసి మురిసిపోతున్న పిల్లలూ, ఒక్కసారి ఇటు రండి. ఆ మూత వెనక ఏముందో ఎప్పుడైనా తీసి చూశారా? చూసి ఉండరు. మేమూ చూడలేదు. కాదు కాదు, చూశాం. చూసి, దండం పెట్టి, మళ్ళీ మూసేశాం. ఆ దండం మూలంగా ఒక షెడ్డుకు తాళం పడబోయింది. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కుదురుగా కూర్చుని చెప్పాలనిపించదు, లేచి చేతులూపుతూ చెప్పాలనిపిస్తుంది. రాతలో చేతులూపడం కుదరదు గనక ఆ భాగం మీరే ఊహించుకోండి.

నేను పనిచేసింది ఒక ట్రావెల్స్ కంపెనీ వాళ్ళ కార్ల షెడ్డులో. నాంపల్లి స్టేషన్ వెనక సందులో పెద్ద రేకుల షెడ్డు, దాని ముందు కార్లు తిప్పుకునేంత జాగా. అబిడ్స్ హోటళ్ళలో దిగినవాళ్ళను తిప్పడం, స్టేషన్లో దిగినవాళ్ళను ఇళ్ళకు చేర్చడం మా కార్ల పని. ఆ కార్లను చూసుకోవడం మా పని. మా ఆయన అక్కడ స్టోర్సు చూసేవారు. ఆయన హఠాత్తుగా పోయాక, ఓనరు సేఠ్ గారు నన్ను పిలిపించి అదే కుర్చీలో కూర్చోమన్నారు. అప్పటికి నాకు పానాకీ పట్టకారుకీ తేడా తెలియదు. రిటైరయ్యేనాటికి ఆ షెడ్డుకంతటికీ ఇన్‌చార్జిని.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ముందుముందు అవసరం పడుతుంది. మా ఆయన పోయిన పదో రోజున మా బంధువుల్లో ఒక పెద్దావిడ తడిగుడ్డ పట్టుకుని నా బొట్టు తుడవడానికి వచ్చింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపేశాను. ఇంట్లో పెద్ద రభస అయింది. ఒకరిద్దరు భోజనం చెయ్యకుండా లేచి వెళ్ళిపోయారు. అది మొదలు ఈ రోజు దాకా నా నుదుటి మీద బొట్టు అలాగే ఉంది.

షెడ్డులో దాన్ని గురించి ఎవరూ ఏమీ అనలేదు. అయితే దసరాకి మాత్రం ఒక చిత్రం జరిగేది. ఆయుధపూజకు కావలసిన కుంకుమ, పసుపు, కొబ్బరికాయలు, నిమ్మకాయలు అన్నీ బేగం బజార్ వెళ్ళి తెచ్చేది నేనే. తీరా పూజ మొదలయ్యే వేళకి కర్పూరమో, అగరొత్తులో మర్చిపోయానని మళ్ళీ బయల్దేరేదాన్ని. నన్ను వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. ఏటా అలా గడిచిపోయింది.

ఇక ఉస్తాద్ గురించి చెప్పాలి. మా పెద్ద మెకానిక్‌ను అందరం అలాగే పిలిచేవాళ్ళం. చాదర్‌ఘాట్‌లో పుట్టి పెరిగిన మనిషి. మా ఆయనకు మంచి స్నేహితుడు, అందుకే నన్ను 'చెల్లె' అనేవాడు. గుబురు మీసం, అంతకంటే గుబురైన గొంతు. ఆయన బండిని కళ్ళతో కాదు, చెవితో చూసేవాడు. బానెట్ మీద చెయ్యి వేసి, తల ఒక పక్కకు వాల్చి, ఇంజను నాలుగుసార్లు గురక పెట్టగానే రోగం చెప్పేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పేవాడు. పదోసారి తప్పైతే ఒప్పుకునేవాడు కాదు, అంత మొండి.

అలాంటి మనిషికి బ్యాటరీ కార్లు వచ్చిపడ్డాయి. సేఠ్ గారి మేనల్లుడు ఇంజినీరింగ్ చదివి వచ్చాడు, పాత డీజిల్ బండ్లలో సగం అమ్మించి వీటిని తెప్పించాడు. మంచి పిల్లాడు, చదివింది ఒంటబట్టినవాడు. నన్ను 'ఆంటీ' అనడం ఒక్కటే అతనిలో లోపం. ఆ కార్లకు మెరిసే అల్లాయ్ రిమ్ములు, వాటి మీద మళ్ళీ ప్లాస్టిక్ మూతలు. ఇంత అందమైన రిమ్మును మూతతో కప్పడం ఏమిటని డ్రైవర్లు గోల పెట్టారు. పట్టుచీర కట్టి పైన దుప్పటి కప్పుకున్నట్టుందని నేనూ అన్నాను. గాలి అడ్డుకోకుండా జారిపోతుందని, అందువల్ల ఛార్జింగ్ కాస్త కలిసొస్తుందని, రిమ్మంచులకు గీతలు పడవని ఆ అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. నిజమే అది, నేను తర్వాత చూశాను.

ఉస్తాద్ బాధ వేరు. "గీ బండి మాట్లాడది చెల్లె," అన్నాడు దిగులుగా. "మాట్లాడని దానితోని ఎట్ల సంసారం జేసుడు?"

"అలవాటవుతుంది లెండి అన్నా."

"మీ ఆంధ్రోల్లకు అన్నిటికి 'లెండి' ఒక్కటే మందు," అని నవ్వాడు. మా తాతగారు హైదరాబాదు వచ్చి స్థిరపడి రెండు తరాలు దాటింది, నేను పుట్టింది ఇక్కడి సర్కారు దవాఖానలో. అయినా ఉస్తాద్‌కు నేను ఎప్పటికీ 'ఆంధ్రోల్ల పిల్ల'నే. నేనూ ఊరుకోలేదు, ఆయన టీ గ్లాసును 'గిలాస' అన్నప్పుడల్లా వెక్కిరించేదాన్ని.

ఆ కార్లు వచ్చిన కొన్నాళ్ళకే దసరా వచ్చింది. నేను ఎప్పటిలాగే కర్పూరం కోసమని వెళ్ళి తిరిగొచ్చేసరికి, మావాళ్ళు కొత్త కార్ల మూతలన్నీ ఊడదీసి వరసగా గోడకు ఆనించారు. చక్రం నడిమధ్యన రంధ్రంలోంచి కనబడే హబ్‌కు, చుట్టూ ఉన్న నట్లకు, నీళ్ళతో తడిపిన పసుపు పూసి కుంకుమ అద్దారు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కూడా అక్కడే చల్లారు. హబ్ అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను, చక్రాన్ని బిగించే ఇనుప దిమ్మ అది. బండి మోసే బరువంతా దాని మీదే.

"మూతలెందుకు తీశారన్నా, బొట్టు పైనే పెట్టొచ్చుగా?" అన్నాను.

ఉస్తాద్ నన్ను జాలిగా చూశాడు. "ఏంది చెల్లె గట్లంటవ్? ప్లాస్టిక్‌కు బొట్టు పెడ్తరా ఎవలన్న? ఆయుధమంటె ఇనుము. ఇనుముకు పెట్టాలె."

ఆ మాటకు తిరుగులేదనిపించింది. తడి తడి బొట్ల మీద మూతలు టకటకా నొక్కేశారు. లోపలి తడి లోపలే ఉండిపోయింది.

ఆ తర్వాత దాదాపు ఏడాది ఎవరూ ఆ చక్రాలు విప్పలేదు. కొత్త బండ్లు, కొత్త టైర్లు. మేకు గుచ్చుకున్నా ఇప్పటి టైర్లకు చక్రం ఊడదీయకుండానే పంక్చరు వేస్తారు. బండి కడిగేవాళ్ళు ఎప్పుడన్నా మూత తీస్తే, లోపల ఎర్రగా కనబడేది. బొట్టు చెరపకూడదు కదా! గుడ్డ కూడా తగలనివ్వకుండా చుట్టూ నీళ్ళు కొట్టి, మళ్ళీ మూత పెట్టేవాళ్ళు. వానాకాలంలో ఒకసారి ఉస్తాద్ నన్ను కేకేసి మరీ పిలిచి చూపించాడు.

"చూసినవా చెల్లె! దసరాల పెట్టిన కుంకుమ. గిప్పటిదాంక అట్లనే ఉన్నది. ఇంకింత ఎర్రగైంది గూడ! మన పూజ అంటె గట్లుంటది."

నేను వంగి చూశాను. నేను తెచ్చింది మంచి ఎర్ర కుంకుమ. ఇది ఇటుకపొడి రంగులో ఉంది. ఆ మాటే అన్నాను.

"వానకు తడిసింది గద, రంగు మారదా?" అని మూత నొక్కేశాడు. చేతులు జోడించాడు కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేనల్లుడు తన మేనమామకు ఒక మాట చెప్పాడు. షెడ్డు మూసేద్దాం, బ్యాటరీ బండ్లను ఇక నుంచి బయట పెద్ద సర్వీసు సెంటరుకు పంపిద్దాం, మనవాళ్ళకు వీటి పని రాదు అని. సేఠ్ గారు మీసం దువ్వుకుంటూ చాలాసేపు ఆలోచించారట. షెడ్డుకు వచ్చి అందరినీ నిలబెట్టి చెప్పారు.

"సోమవారం పొద్దుగాల వస్త. నా ముందల ఒక బండివి నాలుగు చక్రాలిప్పుండ్రి, బ్రేకులు సాఫ్ జేసి చూపెట్టుండ్రి. నాకు, పోరనికి నచ్చితె షెడ్డు ఉంటది. లేకుంటె లేదు. గంతే."

మా ఫిట్టర్లిద్దరికీ ఫికర్ లేదు, చేతిలో పని ఉంది, ఏ సెంటరువాళ్ళయినా తీసుకుంటారు. నాకు అబిడ్స్‌లోని మా కంపెనీ ఆఫీసులో ఒక కుర్చీ దొరుకుతుంది. ఎటూ దారి లేనిది ఉస్తాద్ ఒక్కడికే. ఆ వయసులో, బ్యాటరీ బండ్ల కాలంలో, చెవితో రోగం చెప్పే మనిషిని ఎవరు పెట్టుకుంటారు? పైగా ఆ షెడ్డు తప్ప ఆయనకు వేరే లోకం లేదు. పండగ రోజున కూడా ఒకసారి వచ్చి తలుపు తట్టి వెళ్ళేవాడు.

"నన్ను ఇంట్ల కూసోబెడ్తె మా ఇంటామె వారం గూడ భరించది చెల్లె," అన్నాడు నవ్వుతూ. నవ్వాడే గాని గిలాసలో చాయ్ తాగకుండానే పక్కన పెట్టేశాడు. వెక్కిరించబుద్ధి కాలేదు.

"చక్రాలు విప్పడమే కదన్నా, మీకు అది ఎడమచేతి పని," అన్నాను.

"ఔ మరి!" అన్నాడు మీసం మెలేస్తూ.

ఆదివారమంతా పండగ హడావుడి. నేల కడిగాం, పానాలు నూనెతో తుడిచి వరసగా పేర్చాం. కారును అద్దంలా కడిగాం. చక్రాలకైతే పైపుతో ప్రత్యేకంగా నీళ్ళు కొట్టాం. అంటే లోపల ఉన్న తడికి మరింత నీళ్ళు పోశామన్నమాట. తాను తవ్వుకున్న గోతిలో తానే పడటమంటే ఏమిటో సోమవారం తెలిసింది.

సోమవారం పొద్దున్నే సన్నగా వాన పడి వెలిసింది. సేఠ్ గారు, మేనల్లుడు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఉస్తాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, దాని మీద గ్రీజు గుడ్డ భుజాన వేసుకున్నాడు. జాకీ ఎక్కించాడు, మూత లాగాడు, నట్లు విప్పాడు. ఆ చేతుల ఒడుపు చూస్తే నాకు విజిల్ వెయ్యాలనిపించింది. నట్లన్నీ గిన్నెలో పడ్డాయి. రెండు చేతులతో చక్రం పట్టుకుని లాగాడు.

చక్రం రాలేదు.

మళ్ళీ లాగాడు. కదల్లేదు. కాలితో కింద ఒక తన్ను, పైన ఒక తన్ను. ఫిట్టర్లిద్దరూ చెరోపక్క పట్టుకుని లాగారు. రబ్బరు సుత్తితో టైరు మీద చుట్టూ కొట్టారు. కారు ఊగింది గాని చక్రం ఊగలేదు. ఒక్క నట్టు కూడా లేకుండా చక్రం అలా అంటిపెట్టుకుని ఉండటం నా సర్వీసులో చూడలేదు. ఉస్తాద్ ఇస్త్రీ చొక్కా తడిసిపోయింది. సేఠ్ గారు కుర్చీలో అటు కదిలి ఇటు కదిలారు.

మేనల్లుడు లేచి వచ్చి చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. వెక్కిరింపు లేదు అతని గొంతులో, ఆ మాట చెప్పాలి. "ఉస్తాద్, ఇది తుప్పు," అన్నాడు. "హబ్ ఇనుము, రిమ్ము అల్యూమినియం. రెండిటి నడుమ తడి చేరితే తుప్పు ఉబ్బి రెండూ పట్టేసుకుంటయ్. మూత ఉన్నదంటే వాన తగలదనుకుంటం. కానీ లోపలికి పోయిన నీళ్ళు ఆరవు కదా."

"తుప్పు కాదు సార్ అది. కుంకుమ."

"కుంకుమ ఏంది ఉస్తాద్! చూడు," అంటూ స్క్రూడ్రైవరు తీసి హబ్ మీద గీకబోయాడు. ఉస్తాద్ ఒక్క ఉదుటున అతని చెయ్యి పట్టేసుకున్నాడు.

"బొట్టు చెరపొద్దు సార్! నౌకరి పోతే పోనీ. బండి బొట్టు మాత్రం చెరపొద్దు."

ఆ అబ్బాయి మేనమామ వైపు చూశాడు. సేఠ్ గారు ఆకాశం వైపు చూశారు. ఆయనా భక్తుడే, పొద్దున్నే పూజ చెయ్యనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి. గీకమని ఆయన అనలేరు, వద్దనీ అనలేరు. ఫిట్టర్లు నేల చూపులు చూస్తున్నారు. ఇంకో ఘడియ అలాగే గడిస్తే సేఠ్ గారు లేచి వెళ్ళిపోతారు, షెడ్డు కథ అక్కడితో సరి. ఏం చెయ్యాలో అనుకోకముందే నా కాళ్ళు ముందుకు నడిచాయి.

"ఆ కుంకుమ కొని తెచ్చింది నేను," అన్నాను. "దాని రంగు నాకు తెలుసు. ఇది అది కాదు. పైన కాస్త ఉందేమో, కింద ఉన్నదంతా తుప్పే. ఆ గుడ్డ ఇలా ఇవ్వండన్నా, నేను తుడుస్తాను."

"నువ్వా? వద్దు చెల్లె," అన్నాడు ఉస్తాద్.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను ముందు అనుకున్నది కాదు. "ఎందుకు వద్దన్నా? నా బొట్టు చెరపమన్న రోజున నేను చెరపనివ్వలేదు. చెరపకూడనిదేదో, చెరపాల్సిందేదో నాకు బాగానే తెలుసు. ఇది చెరపాల్సిందే."

ఉస్తాద్ నా మొహం వంక, నా నుదుటి వంక చూశాడు. అన్నేళ్ళలో ఆయన నా బొట్టును సూటిగా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. భుజం మీద గుడ్డ తీశాడు. నాకివ్వలేదు.

"జర ఆగు చెల్లె," అన్నాడు నెమ్మదిగా. తర్వాత అందరి వైపూ తిరిగాడు, గొంతు పెరిగింది. "ఖైరతాబాద్ గణపతి ఎంతుంటడు? మనమే తెస్తం, మనమే మొక్కుతం, మల్ల మనమే నీళ్ళల్ల కలుపుతం. ఎవలన్న పాపమన్నరా? దేవున్ని పంపెటందుకు గూడ ఒక దినం ఉంటది. గీ కుంకుమ దసరా నుంచి ఈడనే కూసున్నది, పంపలే మనం. గిది చెరుపుడు గాదు. నిమజ్జనం!"

ఫిట్టర్లలో ఒకడు "గణపతి బప్పా!" అని అరిచాడు. "మోరియా!" అని షెడ్డంతా మోగింది. అందులో సేఠ్ గారి గొంతు కూడా ఉంది, నా చెవులతో విన్నాను. మేనల్లుడు పగలబడి నవ్వుతూ బకెట్టుతో మంచినీళ్ళు తానే మోసుకొచ్చాడు.

ఉస్తాద్ చెప్పులు విడిచాడు. హబ్‌కు దండం పెట్టి, తడిగుడ్డతో మెత్తగా తుడిచాడు. గుడ్డను బకెట్లో ముంచాడు. నీళ్ళు లేతగా ఎర్రబడ్డాయి. ఆ నీళ్ళు గోడవార ఉన్న తులసి కుండీలో పోయించాడు. తిరిగి వచ్చి హబ్ చూశాడు. అది ఎలా ఉన్నదో అలాగే ఎర్రగా, గరుకుగా, పొక్కులు పొక్కులుగా ఉంది. బొటనవేలితో రుద్దాడు. ఒక పెచ్చు ఊడి చేతిలో పడింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అమ్మవారిది నీళ్ళల్ల పోయింది," అన్నాడు. "గిది అమ్మవారిది గాదు. గిది మనదే."

మొండి మనిషి ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఒప్పుకున్నాక చూడాలి ఆయన ఊపు! తుప్పు వదిలించే నూనె డబ్బా తెమ్మన్నాడు, రిమ్ముకూ హబ్‌కూ నడుమ సందులోకి చుట్టూ కొట్టాడు. అది లోపలికి ఇంకేదాకా అందరం చాయ్ తాగాం. గిలాసలోనే తాగాం, ఈసారి నేనేమీ అనలేదు. తర్వాత మళ్ళీ లాగారు. రాలేదు. మేనల్లుడు పెదవి కొరికాడు. ఇంకా గట్టిగా కొడితే రిమ్ము పగులుతుందన్నాడు. నిజమే, పగులుతుంది.

"పాత లారీలల్ల ఒక ఉపాయం ఉండె," అన్నాడు ఉస్తాద్. "నట్లన్ని పెట్టి, మొత్తం బిగించకుండ అరచుట్టు వదిలి, బండి కిందికి దించాలె. మెల్లగ అటు ఇటు స్టీరింగ్ తిప్పుకుంట నడిపితె, బండి బరువే దాన్ని వదిలిపిస్తది. కానీ వదిలిన సప్పుడు ఇనాలె. ఇనంగనె ఆపాలె, లేకుంటె నట్లు పాడైతయ్."

"దాన్ని మింగేసే ఇంజను చప్పుడే లేదు కదన్నా!" అన్నాను. అన్నాక నాకే వెలిగింది. ఉస్తాద్ కళ్ళు మెరిశాయి. ఏడాదిగా ఆయన తిట్టుకుంటున్న ఆ మౌనమే ఇప్పుడు పనికొచ్చింది.

"చెల్లె, నువ్వు ఎక్కు," అన్నాడు. నాకు కారు నేర్పింది ఆయనే, అదే జాగాలో.

పిల్లలూ, ఈ పని మీరు రోడ్డు మీద మాత్రం చెయ్యకండి. మేము చేసింది షెడ్డు ముందు మా సొంత జాగాలో, పక్కన తెలిసిన మనిషి ఉండగా. నట్లు అరచుట్టు వదిలి బిగించి జాకీ దించాక నేను సీట్లో కూర్చున్నాను. ఉస్తాద్ కారు పక్కనే వంగి, తల ఒక వైపు వాల్చి, పాత రోజుల్లోలాగే చెవి పెట్టాడు. నేను పాదం ఆనీ ఆననట్టు పెట్టి, కుడికి తిప్పాను. ఏమీ లేదు. ఎడమకు తిప్పాను. ఏమీ లేదు. వెనక్కి తెచ్చాను. సరిగ్గా అప్పుడే స్టేషన్లో ఏదో రైలు బండి కూత పెట్టింది.

"అరె, గా రైలును జర ఆపుండ్రి!" అని ఉస్తాద్ అరిచాడు. అంత ఉద్వేగంలోనూ అందరికీ నవ్వొచ్చింది. కూత ఆగేదాకా ఎక్కడివాళ్ళం అక్కడే ఆగాం.

మళ్ళీ కుడికి. మళ్ళీ ఎడమకు. నా అరచేతుల చెమటకు స్టీరింగ్ జారుతోంది. బ్రేకు మీద కాలు వేశాను.

టక్.

ఎంత చిన్న చప్పుడో! డీజిల్ బండి అయితే దేవుడికి కూడా వినబడేది కాదు. ఉస్తాద్ రెండు చేతులూ పైకెత్తి "బస్!" అని కేక పెట్టాడు. జాకీ ఎక్కించి నట్లు తీసి, రెండు వేళ్ళతో లాగాడు. నిజంగా రెండు వేళ్ళతోనే! చక్రం వచ్చి ఒళ్ళో పడింది. నేను కారు దిగి చిన్నపిల్లలా గెంతాను. ఇన్‌చార్జి హోదా ఏమైందో నాకు తెలియదు. మేనల్లుడు "ఆంటీ, సూపర్!" అన్నాడు. ఆ ఒక్కసారికి ఆంటీని క్షమించేశాను.

మిగతా మూడూ అలాగే వచ్చాయి, వెనక చక్రాలకు ముందుకూ వెనక్కూ కదుపుతూ బ్రేకు వెయ్యాల్సి వచ్చింది. లోపల చూస్తే హబ్ అంతా ఎర్ర పొక్కులు, రిమ్ము వెనక తెల్లటి బూడిద. వైరు బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా రుద్దాం, పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాం. రిమ్ము కూర్చునే అంచుకు మాత్రం గ్రీజు లేపనం పల్చగా పూశాం. నట్లకు, బ్రేకు పళ్ళేలకు అది అంటకూడదని మేనల్లుడు పక్కనే నిలబడి చూశాడు. బ్రేకులు శుభ్రం చేసి సేఠ్ గారికి చూపించాం.

సేఠ్ గారు మేనల్లుడిని అడిగారు. "ఏమంటవ్ రా?"

"మిగతా బండ్లన్నీ గిట్లనే ఉంటయ్ మామా, అన్నిటికీ అదే పూజ అయింది కదా," అన్నాడు ఆ అబ్బాయి. "విప్పేటోళ్ళు ఈడనే ఉన్నరు. షెడ్డు ఉండనీ. కానీ వానలకు ముందు ఒకసారి, వానలైనంక ఒకసారి, అన్ని చక్రాలు విప్పి చూడాలె."

"సార్, దసరా అయినంక మూడో దినం గూడ," అన్నాడు ఉస్తాద్. "నిమజ్జనానికి."

సేఠ్ గారు గట్టిగా నవ్వి తలూపారు. షెడ్డు నిలబడింది. ఉస్తాద్ భుజం మీది గుడ్డతో మొహమంతా తుడుచుకున్నాడు. గ్రీజు అంటి మీసం ఇంకా నల్లబడింది, ఎవరూ చెప్పలేదు.

చక్రాలు బిగించాక, మూతలు పెట్టే ముందు సేఠ్ గారు ఆగమన్నారు. ఇనుమును బోసిగా మూయడం ఆయనకు నచ్చలేదు. ఉస్తాద్ నన్ను కుంకుమ తెమ్మన్నాడు. స్టోర్సులో కుంకుమ భరిణ తీసి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. పెట్టి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాను. ఏదో ఒకటి మర్చిపోయి ఉంటాను కదా, తెచ్చుకోవాలి.

"ఏడికి చెల్లె?" అన్నాడు ఉస్తాద్.

"కర్పూరం..."

"కర్పూరమొద్దు, గిర్పూరమొద్దు. ఈడ ఉండు." భరిణ మూత తీసి నా ముందు పట్టుకున్నాడు. "నువ్వు పెట్టు."

నేను సేఠ్ గారి వైపు చూశాను. ఆయన చెప్పులు విడుస్తున్నారు. ఫిట్టర్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. అన్ని దసరాలకు కుంకుమ కొన్నదాన్ని, ఆ షెడ్డులో ఒక్క ఇనుప ముక్కకు కూడా నా చేత్తో బొట్టు పెట్టలేదు. మెరిసిపోతున్న హబ్ ముందు గొంతుక్కూర్చున్నాను. అలవాటుగా ఒక ఫిట్టరు నీళ్ళ చెంబు అందించబోతే వద్దన్నాను. పొడి కుంకుమే తీసుకున్నాను.

పెట్టే ముందు కొంగుతో కళ్ళు బాగా తుడుచుకున్నాను. ఒక్క చుక్క పడినా తుప్పు పడుతుంది కదా.